రేగడి మలుపు

బస్సు రేగడి మలుపు దాటేదాకా నేను ఇప్పటికీ ఎదుటి సీటు కమ్మీ వదలను. అక్కడ గుంట లేదు, ఎత్తు లేదు. తారు నున్నగా పరుచుకుని ఉంటుంది. పక్కవాళ్ళు కునుకు తీస్తుంటారు. "ఏందమ్మమ్మా, విమానం ఎక్కినట్టు అట్ట బిగదీసుకోనుండావు" అని మనవరాలు నవ్వుతుంది. నేను నవ్వలేను. మలుపు వెనక్కి పోయిందని కిటికీలోంచి చూసుకుని అప్పుడు ఊపిరి విడుస్తాను. ఆ పిల్ల రోజూ ఆ దారినే నెల్లూరు కాలేజీకి పోయి వస్తుంది. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వినపడేదాకా నా చేతిలో పుస్తకం ఒకే పేజీ దగ్గర ఉంటుంది.

మాది సముద్రం ఒడ్డు పాళెం. ఊరంతా ఇసక. కోవూరు పోవాలన్నా, అక్కడినుంచి పెన్న దాటి నెల్లూరు పోవాలన్నా ఇసక దిగి నల్లరేగడి పొలాల మీదుగా పోవాల్సిందే. ఆ రేగడి స్వభావం చెబితే ఈ కాలం పిల్లలకు కథలా ఉంటుంది. వానలు పడితే నీళ్ళు పీల్చి పీల్చి ఉబ్బుతుంది, బండి చక్రాన్ని ఇరుసుదాకా మింగుతుంది. ఎండలు ముదిరితే కుంచించుకుపోయి బీటలు తీస్తుంది. చెయ్యి దూరిస్తే మోచేతిదాకా పోయే బీటలు. దారి మీద ఇసక పోసినా, ఎర్రటి గరుసుమన్ను పోసినా ఒక వానకాలం గడిచేసరికి పోసింది కిందికి పోయేది, బురద పైకి వచ్చేది.

ఎలక్షన్లయిన అరవై రెండో సంవత్సరం వేసవిలో ఆ దారిని బాగుచేయడానికి మనుషులు వచ్చారు. అంతకు ముందు కార్తీకంలో జరిగింది చెప్పకపోతే ఆ వేసవి అర్థం కాదు.

మా ఆడబిడ్డ కరుణాకుమారి పురిటికి మా ఇంటికి వచ్చింది. బిడ్డ దక్కలేదు. తర్వాత ఆమెకు జ్వరం పట్టుకుంది. నెల్లూరు ఆస్పత్రికని బండి కట్టారు. వాన. మలుపు దగ్గర చక్రాలు దిగబడిపోయాయి. ఎద్దులు మోకాళ్ళ మీద పడ్డాయి. మా ఆయన ఆనందబాబు, ఇంకా కొందరు భుజాలు పెట్టి తోశారు. బండి ముందుకూ రాలేదు, వెనక్కూ రాలేదు. లోపల కరుణ తల మా అత్త ఎలిశబెతు ఒడిలో ఉంది, కాళ్ళు నా ఒడిలో ఉన్నాయి. నేనప్పటికి కొత్తకోడలిని. కరుణ అడిగింది ఒకటే, నీళ్ళు. పచ్చి బాలింతకు నీళ్ళివ్వకూడదని మా వైపు పథ్యం. ఇస్తే ఒళ్ళు నీరు పట్టి మనిషి దక్కదనేవాళ్ళు. "వద్దు తల్లీ, కాసేపు ఓర్చుకో, ఆస్పత్రిలో మందిస్తారు" అంటూ అత్త తడిగుడ్డ కూడా ఆమె పెదవులకు తగలనివ్వలేదు. చుట్టూ పొలాల నిండా నీళ్ళు. బండి గూడు మీద నీళ్ళ చప్పుడు. మధ్యాహ్నానికి కరుణ అడగడం మానేసింది.

వెనక్కి మోసుకొచ్చి ఇసకదిబ్బల్లో మా వాళ్ళ సమాధుల దగ్గర పెట్టడానికి కూడా ఆ బురద దారి ఇవ్వలేదు. వాన వదల్లేదు. దారి పక్కనే కాస్త మెరకగా ఉన్నచోట గొయ్యి తీశారు. తీసేకొద్దీ అడుగున నీళ్ళు ఊరాయి. మా చర్చి అయ్యగారు మోకాలి లోతు బురదలో నిలబడి ప్రార్థన చేశారు.

వేసవిలో దారి పనివాళ్ళు వచ్చేసరికి నాకు నెల తప్పింది. నా తల్లి నా చిన్నప్పుడే పోయింది కాబట్టి పురుడు అత్తగారింట్లోనే. లెక్క చూసుకుంటే మళ్ళీ కార్తీకమే. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నేను మాత్రం పొద్దున లేచింది మొదలు దాన్నే తలుచుకునేదాన్ని. వాన, మలుపు, బండి.

అందుకే డేరాలు వేసిన రోజు నేను ఇసకదిబ్బ మీదికి పోయి చాలాసేపు చూశాను.

పని చేయించే ఓవర్సీరు పద్మనాభయ్య గారు. సన్నటి మనిషి, నల్ల గొడుగు, నెత్తిన తడిపిన చేతిరుమాలు. కోవూరులో బస చేసి రోజూ సైకిలు మీద వచ్చి, పొద్దు వాలకముందే వెళ్ళిపోయేవాడు. మా ఆయనకు గ్యాంగులో మేస్త్రీ పని దొరికింది. దారిలోకెల్లా చెడ్డచోటు మలుపే కాబట్టి ముందు దాన్ని బాగుచేసి చూస్తారట. అది నిలబడితే వానల్లోపల మిగతా రేగడి అంతా చేస్తారు. నిలబడకపోతే డేరాలు ఎత్తేసి గ్యాంగును వేరేచోటికి పంపేస్తారు.

మొదటిరోజు ఆయన అందరినీ పిలిచి రెండు గాజుగ్లాసుల్లో నీళ్ళు పోయించాడు. మా అత్త, నేను కూడా కూలివాళ్ళ వెనక నిలబడ్డాం. ఎండిన రేగడి ముద్ద ఒకటి గ్లాసులో వేశాడు. అది బుడగలు వదులుతూ ఉబ్బి, పగిలి, చూస్తుండగానే బురదై అడుక్కు పోయింది. రెండో గ్లాసులో వేసింది సున్నం కలిపి ముందే ఆరబెట్టి తెచ్చిన ముద్ద. అది రాయిలా కూర్చుంది. ఎంతసేపు చూసినా కదల్లేదు.

"మీ సముద్రం గుల్లల్ని కాల్చి తీసిన సున్నమే ఇది. పై మన్ను తవ్వి, పొడి చేసి, దీన్ని కలిపి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కుదించాలి. దానిమీద గరుసు" అన్నాడు.

"సున్నం పెడుతుండారు సరే, ఆకూ వక్కా గూడా తెప్పిస్తే మీ దారి ఎర్రగా నవ్వుద్ది గదా ఓర్సీరయ్యా!" అంది గురవమ్మ. ఆమె మా పాళెం మనిషే, గ్యాంగులో మన్ను మోసేది, నోటికి తాళం లేదు.

"ముందు నిలబడనీ అమ్మా. నవ్వడం తర్వాత" అన్నాడాయన, ఆయనా నవ్వేసి.

పని చాలా రకాలుగా సాగింది. దారి పక్క తుమ్మచెట్లు కొట్టించాడు. వేళ్ళు ఒకవైపు తడిని లాగేసి నేలను కుంగదీస్తాయట. రెండువైపులా కాలవలు తీయించాడు. దారి నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా పెట్టించాడు. కాలవ మా కరుణ సమాధి మీదుగా పోవాల్సి వస్తే అది సమాధి అని తెలుసుకుని, గీసిన గీత చెరిపి, కాలవను కొంచెం పక్కకు వంచాడు. "ఈ నేలకు తడీ శత్రువు కాదు, ఎండా శత్రువు కాదు. ఒకచోట తడి, పక్కనే ఎండ, అదే దీనికి జబ్బు" అని మా ఆయనకు చెప్పేవాడు. మా ఆయన ఇంటికొచ్చి అన్నం తింటూ అవే మాటలు మాకు చెప్పేవాడు. కూలివాళ్ళ అరచేతులు సున్నానికి పొక్కాయి. సాయంత్రం గురవమ్మ ఆముదం ముంత పట్టుకుని, "రండి, పెళ్ళికొడుకులారా, నలుగు పెడతా" అని అందరి చేతులకూ రాసేది.

వాళ్ళు పని ముగించి, ఓవర్సీరు గారి సైకిలు కనుమరుగైన తర్వాత మా అత్త కడవ ఎత్తుకునేది.

ఇసకలో తవ్వుకున్న దొరువు మాది. చేయి చాస్తే అందే నీళ్ళు. అత్త కడవ ముంచుకుని మలుపుదాకా నడిచేది. నేను చిన్న బిందెతో వెనకాల. "కడుపుతో ఉండావు, సమాధి కాడికి రాబాకు మే. ఆ మొద్దుల కాడే నిలబడు" అనేది. నాకు ఇంట్లో ఒంటరిగా ఉండాలంటే అంతకన్నా భయం. వెంట పోయేదాన్ని.

ఎండలు ముదిరిన నాటినుంచి సమాధి మీద నేల బీటలు తీస్తోంది. అత్త ఆ బీటల్లో వేలు పెట్టి లోతు చూసేది. తర్వాత పసిబిడ్డకు ఉగ్గు పట్టినట్టు, కడవ మూతి బీటకు ఆనించి, సన్నటి ధారగా వంచేది. లోపల నేల తాగుతున్న చప్పుడు వినపడేది. గుటక గుటకగా. అత్త ప్రార్థన చేసేది కాదు, ఏడ్చేది కాదు. "తాగు తల్లీ" అనేది, అంతే. నా బిందె కూడా అందుకుని పోసేది. నేల నెమ్మదిగా దగ్గరకు వచ్చి పెదవులు మూసుకున్నట్టు బీట మూసుకునేది. మర్నాడు ఎండకు మళ్ళీ తెరుచుకునేది.

ఊరంతా ఎరిగిన సంగతే ఇది. ఎవరూ వద్దనలేదు. కూతురు పోయిన తల్లి, ఏదో పోసుకుంటోంది అనుకున్నారు. దారికీ దానికీ సంబంధం ఉంటుందని మా ఆయనకు కూడా తోచలేదు. ఆమె పోసేది దారి మీద కాదు గదా.

మలుపు పని పూర్తయి గరుసు పరిచాక అందరం సంతోషపడ్డాం. ఖాళీ బండ్లు అటూ ఇటూ తోలి చూశారు. ఆ ఆదివారం చర్చిలో మా ఆయన గట్టిగా పాడాడు. నేను కూడా కరుణ పోయాక మొదటిసారి పాటల పుస్తకం ముందు పెట్టుకున్నాను. నాకు ఎవరూ చదువు చెప్పలేదు. నోటికొచ్చిన పాటల్ని అచ్చులో వేలితో వెతుక్కుంటూ నేర్చుకున్న అక్షరాలే. ఆ రోజు ఎక్కడా వేలు తడబడలేదు.

తర్వాతి వారంలో దారి లేచింది.

అంతటా కాదు. మలుపులో ఒకేచోట, సమాధికి ఎదురుగా. అక్కడ అంచు మేక వెన్నులా ఉబ్బి, దాని పక్కనే పొడుగునా బీట పారింది. ఓవర్సీరు గారు సైకిలు పడేసి దాని మీద కూర్చుండిపోయాడు. సున్నం తక్కువైందా అన్నాడు. దిమ్మిస సరిగ్గా కొట్టలేదా అన్నాడు. మా ఆయన బైబిలు మీద ఒట్టు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. దారి అంచున గొయ్యి తీయించాడు. పైన సున్నం కలిపిన పొర బాగానే ఉంది. దాని కింద మన్ను నల్లగా, మెత్తగా, పిండితే చేతికి అంటుకునేంత తడిగా ఉంది.

"వాన చినుకు లేదు. కాలవలో చుక్క లేదు. ఈ తడి ఎక్కడిది?" అన్నాడు.

గురవమ్మ, ఎన్నడూ మాట ఆపనిది, నావైపు చూసి తల దించుకుంది. మా ఆయన చేతిలో పార అట్లాగే ఉంది. ఆ క్షణాన అందరికీ ఒకేసారి తెలిసిందనుకుంటాను.

ఆ రోజు ఓవర్సీరు గారు పొద్దు వాలినా పోలేదు. గొయ్యి పక్కన కూర్చుని మన్ను వేళ్ళతో నలుపుతూనే ఉన్నాడు. కూలివాళ్ళు కూడా కదల్లేదు. నేను ఇంటికి పరుగెత్తి అత్తను ఆపుదామనుకున్నాను. ఇసక ఎక్కేలోపే ఆమె కడవతో ఎదురు వచ్చింది. "ఈ పూట వద్దత్తా" అన్నాను. ఆమె వినిపించుకోలేదు.

అంతమంది నిలబడి చూస్తున్నా ఆమె నడక మారలేదు. కడవ దించింది. వేలు పెట్టి చూసింది. వంచింది. ఆ చప్పుడు అందరికీ వినపడింది. ఓవర్సీరు గారు గొడుగు మూసి లేచి నిలబడ్డాడు.

"రోజూనా?" అన్నాడు మా ఆయనతో.

"రోజూ సార్."

"నేను మీ దారి మీద పొయ్యలేదు నాయనా. నా బిడ్డ మీద పోసుకుంటుండా" అంది అత్త, తల ఎత్తకుండానే.

"నీళ్ళకు హద్దు తెలీదమ్మా" అన్నాడాయన. సైకిలు ఎక్కకుండా, చేత్తో నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంట్లో పొయ్యి దగ్గర మా ఆయన తల్లి ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"మానుకోమా. వారంలో పెద్దాఫీసరు వస్తుండాడంట. చూసినాడంటే పని ఆపేస్తాడు."

"మానుకుంటే ఆ నేల నోరు తెరుస్తుంది అబ్బయా. లోపల బిడ్డ కనపడితే?"

"ఎందుకు కనపడుద్ది? లోతుగా తవ్వలేదా మనం?"

"యాడ తవ్వినాము? నీళ్ళు ఊరతా ఉంటే సగంలోనే ఆపలేదా నువ్వు? పెట్టన్నా ఉందా దానికి? చాపే గదా."

మా ఆయన కట్టెపుల్లతో బూడిద గీశాడు.

"పోనీ తీసి ఇసకలోకి మారుద్దాం. అయ్యగారితో ప్రార్థన చేయించి..."

"ఇంకోసారా? నేను చూళ్ళేను" అంది అత్త.

"ఏసుమణికి పురుడు కార్తీకంలోనే గదమా" అన్నాడు మా ఆయన నన్ను చూపిస్తూ.

అత్త నావైపు తిరిగి నా పొట్ట చూసింది. ఆమె అట్లా చూడడం అదే మొదలు. "నాకు తెలవదా?" అంది.

మర్నాడు ఆమె పోయలేదు. సాయంత్రమంతా దొరువు గట్టున కూర్చుని నీళ్ళలోకి చూస్తూ ఉంది. ఆ తర్వాతి రోజూ అంతే. మా ఆయన సమాధి వైపు పోయి చూసి వచ్చి ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడంతోనే అత్తకు అర్థమైంది. అన్నం ముట్టలేదు.

ఓవర్సీరు గారు ఇంటికి వచ్చాడు. మంచం వేస్తే అంచున కూర్చున్నాడు.

"అమ్మా, ఒకటి తోచింది. దారికి చేసినట్టే సమాధికీ చేద్దాం. పైపైన కొంచెం మన్ను తీసి సున్నం కలిపి, కుదిస్తాం. లోపలికి పోము. ఇంక బీట తీయదు. మీరు దిగులుపడే పని ఉండదు."

అత్త ఆయన ఎదుటికి వచ్చింది. "సున్నమా? మీ కూలోళ్ళ చేతులు చూసుకున్నారా అయ్యా, ఎట్ట పొక్కినాయో? జొరంతో కాలి కాలి పోయిన బిడ్డ మీద అది పోస్తారా?"

"మా, ఊరుకో" అన్నాడు మా ఆయన.

"లేదు, ఆమె అన్నది నిజమే" అంటూ ఓవర్సీరు గారు లేచాడు. "వేరే దారేమన్నా ఉందేమో చూస్తాను." కానీ ఆయన ముఖంలో వేరే దారి ఏమీ కనపడలేదు. వాకిట్లోకి దిగి చెప్పులు వేసుకుంటున్నాడు. డేరాలు ఎత్తేయడం, వాన పడడం, బండి కట్టడం వరసగా నా కళ్ళముందు కనపడ్డాయి.

"అయ్యా" అంది అత్త గుమ్మంలోంచి. "ఆ గాజుగ్లాసులో ఏసినారే ముద్ద. సున్నం కలిపింది. అది ఇంక నీళ్ళు తాగదా?"

"తాగదమ్మా."

"మనం ఇచ్చినా?"

"ఇచ్చినా తీసుకోదు. దానికింక అక్కర ఉండదు."

"దాహం ఉండదు."

ఆయన చెప్పు వేసుకోవడం ఆపాడు. ఒకసారి మా ఆయన వైపు, ఒకసారి నావైపు చూశాడు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఉండదమ్మా" అన్నాడు.

"అట్టయితే పెట్టండి" అని అత్త అన్నం ఉడికిందో లేదో చూడడానికి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే చేశారు. కూలివాళ్ళను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు అత్త. బీటల అంచులనుంచి మన్ను తనే చేతులతో గీరి తీసింది, గడ్డలు చిదిపింది, సున్నం చల్లి కలిపింది. ఓవర్సీరు గారు వెనకనుంచి "ఇంకొంచెం నీళ్ళమ్మా, ఇంకొంచెం... చాలు" అని చెబుతూ వచ్చాడు. కుదించడం చేతుల వల్ల అయ్యేది కాదు. మా ఆయన దిమ్మిస ఎత్తాడు. ఎత్తి అట్లాగే ఉండిపోయాడు.

"కొట్టు అబ్బయా. మెల్లంగా కొట్టు" అంది అత్త.

ఆయన కొట్టాడు. ఒక్కొక్క దెబ్బకు అత్త భుజాలు కదిలాయి. చూపు మాత్రం తిప్పుకోలేదు. గురవమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కాలవ గట్టున కూర్చుంది. పని అయ్యాక ఆముదం ముంత తెచ్చి అత్త చేతులు పట్టుకోబోయింది. "ఉండనీమే, మండనీ" అంది అత్త.

ఉబ్బిన చోట దారిని తవ్వి, తడి ఆరేదాకా ఆగి మళ్ళీ వేశారు. అంచులు కూడా సున్నంతో గట్టి చేశారు. పెద్దాఫీసరు కొంచెం ఆలస్యంగా వచ్చాడు, చేతికర్రతో పొడిచి చూశాడు, బాగుందన్నాడు. అక్కడినుంచి వరసగా రెండువైపులా పని సాగింది. మా ఆయనకు ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు. అందరూ నవ్వుతూనే ఉన్నారు ఆ రోజుల్లో. నేను కూడా నవ్వాననుకుంటాను.

సాయంత్రాలు అత్త కడవ ముంచుకుని మలుపుదాకా పోయేది. సమాధి తెల్లగా, బల్లపరుపుగా, బీట లేకుండా ఉండేది. కాసేపు నిలబడి, అదే కడవతో వెనక్కి వచ్చి, నీళ్ళు తిరిగి దొరువులోనే పోసేది. నేను చూసి చూడనట్టు ఉండేదాన్ని. ఏదన్నా అంటే ఏమవుతుందోనని భయం. కొన్నాళ్ళకు కడవ లేకుండా పోయింది. తర్వాత పోవడం మానేసింది.

మబ్బులు పట్టే ముందు ఒకరోజు ఆమె బట్టలు మూట కట్టుకుంటోంది. తమ్ముడు హెబ్రోను కోవూరులో ఉంటాడు, అక్కడికి పోతానంది. నాకు నెలలు నిండుతున్నాయి. కాళ్ళు వాచి ఉన్నాయి.

"పురిటి ముందరా అత్తా? నాకెవురుండారు నువ్వు గాక?"

"గురవమ్మ ఉంటుంది. ఆస్పత్రికి తీసకపోతాడు వాడు. దారుండాది గదా ఇప్పుడు."

"నేనేమన్నా తప్పు చేసినానా?"

"లేదు మే. కూర్చో. కాళ్ళు చూడు ఎట్టుండాయో." నన్ను కూర్చోబెట్టి, నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వత్తుతూ చెప్పింది. ఆమె చేతుల్లో సున్నపు మచ్చలు గరుకుగా తగులుతున్నాయి. "నేనుంటే నీకూ నీళ్ళియ్యను. ఇస్తే చస్తావని నా బయం నాది. ఆస్పత్రిలో అట్టా గాదంట, అడిగితే ఇస్తారంట. ఓర్సీరయ్య చెప్పినాడు."

"అయితే నువ్వే ఇద్దువు గాని అత్తా."

ఆమె వత్తడం ఆపింది.

"ఇస్తాను. నువ్వు తాగతావు. తాగి బతకతావు గూడా." నా కాళ్ళు కిందికి దించి, "అది నేను చూళ్ళేనమ్మా. తప్పుగా అనుకోబాకు" అంది.

ఇప్పటికీ ఏమనాల్సిందో తెలియదు. ఎన్నో పుస్తకాలు చదివాను తర్వాత. ఎందులోనూ ఆమెకు చెప్పదగిన మాట నాకు దొరకలేదు.

మా ఆయన బండిలో దిగబెట్టి వచ్చాడు. ఆ దారిన మా ఇంటినుంచి పోయిన మొదటి బండి అదే.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. పొలాలు, కాలవలు, కంటికి ఆనినంత మేరా నీళ్ళు. దారి మాత్రం నల్లటి నీళ్ళ నడుమ ఎర్రగా, పొడుగ్గా నిలబడింది. నొప్పులు మొదలైన పొద్దున మా ఆయన బండి కట్టాడు. గురవమ్మ నా పక్కన కూర్చుంది. మలుపు వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. "అయిపోయిందిమే, దాటేసినాం, కళ్ళు తెరువు" అని గురవమ్మ చెంపలు తట్టింది.

నెల్లూరు ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. నీళ్ళడిగితే నర్సమ్మ గ్లాసుతో తెచ్చింది. తాగాను. ఇద్దరం బతికాం.

నేను ఇంటికి వచ్చేలోపే కోవూరులో అత్త జ్వరంతో పోయింది. వానలో నానినందువల్లనని హెబ్రోను మామ చెప్పాడు. వానలు మొదలైన నాటినుంచి ఆమె పొద్దున్నే లేచి దారి పక్కకు పోయి నిలబడేదట. ఎంత పిలిచినా ఇంట్లోకి వచ్చేది కాదట. ఎవరి బండి వచ్చినా, దాటిపోయేదాకా చూసేదట.

మేమూ చూశాం ఆమెను, ఆస్పత్రికి పోతున్న ఆ పొద్దున. ఆమెను నేను చూడడం అదే కడసారి. కోవూరు దగ్గరపడుతుండగా, వానలో, తాటాకు గొడుగు కింద ఒక మనిషి కనపడింది. మా ఆయన ముందు గుర్తుపట్టాడు. "అమ్మ" అని పగ్గాలు లాగబోయాడు. నేను నొప్పుల మధ్యే గూడు పక్కకు జరిగి తల బయట పెట్టాను. అత్త గొడుగు పడేసింది. రెండు చేతులూ ఎత్తి ఊపుతూ దారి పక్కన బురదలో మా బండితో పాటు పరుగెత్తింది. పిలుస్తోందనుకున్నాను.

"ఆపబాక అబ్బయా! ఆపబాక! తోలు! పొండి, పొండి!"

మా ఆయన పగ్గాలు వదిలేశాడు. ఆమె ముఖం ఒకసారి నా ముఖానికి ఎదురుగా వచ్చింది. ఆయాసంతో నోరు తెరుచుకుని ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో వానలో తెలియలేదు. తర్వాత వెనకబడిపోయింది.

బండి ఎక్కడా ఆగలేదు.